పక్క చేను పుప్పొడికి బాధ్యత ఎవరిది?

వరికి 3 మీటర్లు. పత్తికి 30. వంగకు 100. మిరపకు 200, అదే ఫౌండేషన్ విత్తనమైతే, అంటే అమ్మే విత్తనాన్ని పెంచడానికి వాడే మూల విత్తనమైతే, 400. విత్తన ధ్రువీకరణ ప్రమాణాల్లో రాసి ఉన్న దూరాలివి. విత్తనం కోసం పెంచే పంటకూ, చుట్టుపక్కల వేసిన అదే జాతి పంటకూ మధ్య కనీసం ఇంత ఎడం ఉండాలి. లేకపోతే తనిఖీకి వచ్చిన అధికారి ఆ పొలాన్ని తిరస్కరిస్తాడు. పుప్పొడి గట్టు దాటుతుందన్న సంగతి మన ప్రభుత్వాలకు కొత్తగా చెప్పనవసరం లేదు. ఏ పంటలో ఎంత దూరం పోతుందో లెక్క కట్టి నిబంధనల్లో రాసుకున్నారు.

కానీ ఆ దూరాలు అమ్మకానికి పెంచే విత్తనాన్ని కాపాడటానికే. తన ఇంటి వంగ విత్తనాన్ని బూడిదలో కలిపి ఏడాది పాటు దాచి, మళ్ళీ తొలకరికి నారు పోసుకునే రైతుకు ఆ మీటర్లు ఎవరూ ఇవ్వరు. పక్క చేనులో ఏ విత్తనం పడిందో ఆయనకు తెలియజేయవలసిన బాధ్యత ఎవరి మీదా లేదు. తెలిసినా ఆపే హక్కు లేదు. నష్టం జరిగితే అడిగే చోటు లేదు. జన్యుమార్పిడి పంటల గురించి, అంటే వేరే జీవి జన్యువును చొప్పించిన పంటల గురించి, ఇరవై ఏళ్ళకు పైగా నడుస్తున్న వాదనలో నాకు అన్నిటికన్నా అన్యాయంగా కనిపించేది ఇదే. కొత్త విత్తనాన్ని తెచ్చినవాడికి ఏ బరువూ లేదు. ఉన్నదాన్ని ఉన్నట్టు నిలుపుకోవాలనుకున్నవాడి నెత్తినే మొత్తం బరువు పడింది.

నేను శాస్త్రానికి వ్యతిరేకిని కాను. మా పొలం కావలి కాలువ కింద ఉంది. అక్కడ పండేది నెల్లూరు వ్యవసాయ పరిశోధన స్థానం ఇచ్చిన వరి. అగ్గితెగులుకు గింజ కూడా చేతికి రాని రోజుల గురించి మా నాయన చెప్పగా విన్నదాన్ని. తెగులును తట్టుకునే రకాన్ని తయారుచేసిన శాస్త్రవేత్తకు దణ్ణం పెట్టే కుటుంబం మాది. జన్యుమార్పిడి పంట తింటే ఆ రోగం వస్తుంది, ఈ రోగం వస్తుంది అని ఫోన్లలో తిరిగే మాటల మీద నా వాదన నిలబెట్టను. పత్తి గింజల నూనె రూపంలో బీటీ పత్తి మన వంటింట్లోకి ఎన్నడో వచ్చింది. నా ప్రశ్న వేరు. ఒకరు తెచ్చిన మార్పు, దాన్ని కోరని మరొకరి చేనులోకి వెళ్ళినప్పుడు ఆ నష్టం ఎవరు కట్టాలి?

మొదట పత్తి సంగతి చూద్దాం, ఎందుకంటే మన దేశంలో చట్టబద్ధంగా వాణిజ్య సాగులో ఉన్న జన్యుమార్పిడి పంట అదొక్కటే. 2002 మార్చిలో కేంద్ర జన్యు ఇంజనీరింగ్ ఆమోద కమిటీ బీటీ పత్తికి అనుమతి ఇచ్చింది. నేలలో ఉండే బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే సూక్ష్మజీవి నుంచి తీసిన జన్యువు పత్తి మొక్కలో చేరి, కాయతొలుచు పురుగును చంపే ప్రోటీన్‌ను మొక్కలోనే తయారుచేస్తుంది. అయితే అనుమతి రాకముందే, 2001లో, గుజరాత్‌లో వేల ఎకరాల్లో బీటీ పత్తి సాగవుతున్నట్టు బయటపడింది. కంపెనీ ఒకటి ఆ జన్యువున్న విత్తనాన్ని మామూలు హైబ్రిడ్ పేరుతో అమ్మేసింది. పంటను తగలబెట్టాలని ఆదేశాలు వెళ్ళేసరికి పత్తి చాలావరకు మార్కెట్‌కు చేరింది. ముందు పొలంలోకి రావడం, తర్వాత కాగితం మీదకు ఎక్కడం అనే పద్ధతి ఆ రోజే మొదలైంది. అప్పుడు గట్టిగా శిక్ష పడి ఉంటే తర్వాతి కథ మరోలా ఉండేదని నా నమ్మకం.

నియంత్రణ అనేది మన చేతకాదని అనేవాళ్ళకు ఒక సంగతి గుర్తుచేస్తాను. బీటీ విత్తనం 450 గ్రాముల ప్యాకెట్ 1,600 రూపాయలు పైనే పలికిన రోజుల్లో, అందులో జన్యువు యజమాని కంపెనీ తీసుకునే సాంకేతికత రుసుమే అధిక భాగమని, ఇది గుత్తాధిపత్యమని 2006లో గుత్తాధిపత్య నియంత్రణ కమిషన్ ముందుకు వెళ్ళింది మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే. ఆ ఏడాదే ధర 750కి దిగింది. 2007లో పత్తి విత్తనాల ధర, సరఫరాల మీద రాష్ట్రం సొంత చట్టం చేసుకుంది. ప్రపంచంలోనే పెద్ద విత్తన కంపెనీని ఎదుర్కొని నిలబడ్డ రాష్ట్రం మనది. ధర విషయంలో చూపిన ఆ పట్టుదల జీవభద్రత విషయంలో ఎందుకు చూపలేకపోయాం?

జీవభద్రత విషయంలో ఏం జరిగిందో నాన్ బీటీ ప్యాకెట్ చెబుతుంది. బీటీ విత్తనంతో పాటు 120 గ్రాముల చిన్న ప్యాకెట్ ఇచ్చేవారు. చేను చుట్టూ అయిదు వరుసలు, లేదా విస్తీర్ణంలో ఐదో వంతు, మామూలు పత్తి వేయాలి. అక్కడ పెరిగిన పురుగులు బీటీ చేనులో బతికి బయటపడ్డ పురుగులతో జతకట్టి, విషానికి అలవాటుపడిన సంతతి పెరగకుండా ఆపుతాయని లెక్క. శాస్త్రం ప్రకారం మంచి ఆలోచన. కానీ రెండెకరాలు కౌలుకు చేసే మనిషి, పురుగు తినడానికని ఐదో వంతు వదిలిపెడతాడని ఢిల్లీలో ఎవరు అనుకున్నారు? ఆ ప్యాకెట్లు చాలావరకు గట్టున పడ్డాయి. 2009 నాటికే గుజరాత్‌లో పత్తి కాయను తినే గులాబీ పురుగు మొదటి బీటీ జన్యువును తట్టుకుంది. 2006లో వచ్చిన రెండు జన్యువుల బీటీ పత్తి బీజీ-2ను కూడా 2015 ప్రాంతానికి లెక్కచేయడం మానేసింది. హెక్టారుకు దూది దిగుబడి 2007-08 ప్రాంతంలో 550 కిలోల దాకా ఎగబాకి, ఆ తర్వాత ఆ ఎత్తును స్థిరంగా నిలబెట్టుకోలేదు. మొదటి సంవత్సరాల్లో మందు కొట్టడం తగ్గిందని, నాలుగు రూపాయలు మిగిలాయని రైతులు చెప్పేది నిజమే. అది కాదనడం మా ఊరి వాళ్ళ అనుభవాన్ని కాదనడమే. కానీ ఆ లాభాన్ని నిలబెట్టుకోవడానికి కావలసిన నియమాన్ని రైతు పాటించలేని రూపంలో రాసి, పాటించలేదని రైతునే తప్పుపట్టారు. అనుమతి ఇచ్చిన కమిటీ గానీ, రుసుము తీసుకున్న కంపెనీ గానీ గులాబీ పురుగు పాలైన పత్తికి ఒక్క రూపాయి జవాబు చెప్పలేదు.

ఇప్పుడు బీజీ-3 అని ఊళ్ళల్లో చెప్పుకునే పత్తి దగ్గరకు వస్తాను. ఆ పేరుతో అనుమతి పొందిన పత్తి దేశంలో ఎక్కడా లేదు. అది గడ్డి మందు కొట్టినా చావని పత్తి. గ్లైఫోసేట్ అనే కలుపు మందు మొక్క ఎదగడానికి అవసరమైన ఒక ఎంజైమ్‌ను అడ్డుకుంటుంది, దాంతో పచ్చగా ఉన్నదేదైనా వారం పది రోజుల్లో వాడి చస్తుంది. ఈ పత్తిలో సూక్ష్మజీవి నుంచి తెచ్చిన మరో రకం ఎంజైమ్ ఉంటుంది కాబట్టి మందు దాన్ని ఏమీ చేయలేదు. 2017లో మన రాష్ట్రంతో పాటు తెలంగాణ, మహారాష్ట్ర, గుజరాత్‌లలో ఇది సాగవుతున్నట్టు బయటపడి కేంద్రం కమిటీ వేసింది. 2018లో మన రాష్ట్రం గ్లైఫోసేట్ అమ్మకాల మీద ఆంక్షలు పెట్టింది. 2022 అక్టోబరులో కేంద్రం, శిక్షణ పొందిన చీడ నియంత్రణ సిబ్బంది తప్ప మరెవరూ దాన్ని వాడకూడదని ఉత్తర్వు ఇచ్చింది. కాగితం మీద అన్నీ ఉన్నాయి. విత్తనం మాత్రం రాత్రిపూట వస్తుంది, బిల్లు లేకుండా అమ్ముడుపోతుంది.

మా మేనమామది యర్రగొండపాలెం వైపు ఊరు. నల్లమల అంచున, వాన మీద ఆధారపడిన చేలు. కొన్నేళ్ళుగా ఆయన ప్రకృతి వ్యవసాయం చేస్తున్నాడు. రైతు సాధికార సంస్థ వాళ్ళు చెప్పిన పద్ధతిలో తొలకరికి ముందే నవధాన్యాలు చల్లుతాడు. కంది, సజ్జ, కొర్ర, అలసంద, గట్టున ఆముదం, ఇంటి వెనక వంగ, బీర, దోస. అన్నీ సొంత విత్తనాలే. ఆ విత్తనాల పని మా అత్తది. ఏ కాయ విత్తనానికి వదలాలో, ఏది కూరకు కోయాలో ఆమె తేల్చాక మామ కూడా మారు మాట్లాడడు. వాళ్ళ చేనుకు ఆనుకుని ఉన్నది ఒక కౌలు రైతుది. ఆయన ఒక ఏడాది బిల్లు లేని పత్తి విత్తనం కొన్నాడు. అది కొన్న దుకాణం ఆ ఊరిది కూడా కాదు. కలుపు ముదిరాక గడ్డి మందు కొట్టాడు. ఆ రోజు గాలి ఇటు వీచింది. మా మామ చేనులో గట్టు వెంబడి కంది వరుసలు నిలువునా మాడిపోయాయి.

ఫిర్యాదు చేయమని నేను పట్టుబట్టాను. మామ ఒప్పుకోలేదు. "నేను ఫిర్యాదు చేస్తే అధికారులు ఎవరి దగ్గరకు వస్తారమ్మా? వాడి దగ్గరకే వస్తారు. వాడు కౌలు కట్టాలి, అప్పు తీర్చాలి. వాడి పత్తి పీకేస్తే నా కంది లేచి నిలబడుతుందా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే చట్టం నడిచే తీరు ఆయన చెప్పినట్టే ఉంది. దొరికేది చేనులో నిలబడ్డ మనిషి. ఆ జన్యువును ప్రయోగశాల నుంచి బయటకు వదిలినవాడు, దాన్ని రహస్యంగా విత్తనోత్పత్తి చేయించినవాడు, లారీల్లో పంపినవాడు దొరకరు. పక్కపక్క చేల వాళ్ళు, ఒకరి పెళ్ళికి ఒకరు వెళ్ళేవాళ్ళు, ఎదురెదురుగా నిలబడవలసి వస్తుంది.

ఆ కౌలు రైతును నేను తప్పుపట్టను. ఎకరం పత్తికి కలుపు తీయించడానికి ఎంత అవుతుందో, అదును దాటిపోతుంటే కూలీలు దొరక్క ఎంత తిరగాలో పశ్చిమ ప్రకాశంలో ఎవరిని అడిగినా చెబుతారు. బీజీ-3 కొంటున్నవాళ్ళు మోసపోయి కొంటున్నారని అనుకుంటే పొరపాటు. వాళ్ళు లెక్క వేసుకునే కొంటున్నారు. ఆ లెక్కలోకి రానిది మాత్రం చాలా ఉంది. కలుపు కూలి మీద బతికే ఆడవాళ్ళ ఇళ్ళు అందులోకి రావు. మందు పీల్చే మనిషి ఊపిరితిత్తులూ రావు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుబంధ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో గ్లైఫోసేట్‌ను క్యాన్సర్ కలిగించే అవకాశమున్న పదార్థాల్లో చేర్చింది. అన్నిటికీ మించి అంతర పంట రాదు. పత్తిలో కంది సాళ్ళు వేయడం ఈ ప్రాంతపు మెట్ట రైతు బీమా. పత్తి పోయినా కంది చేతికొస్తుంది. పచ్చగా ఉన్న ప్రతిదాన్నీ చంపే మందు కొట్టే చేనులో కంది ఉండదు, గట్టున ఆకుకూర ఉండదు, గొర్రెలకు మేత ఉండదు. సుప్రీంకోర్టు వేసిన సాంకేతిక నిపుణుల కమిటీ 2013లో, కలుపు మందును తట్టుకునే పంటలు మన దేశపు చిన్న కమతాలకు తగవని చెప్పింది ఇందుకే.

శిక్ష విషయానికి వస్తే, 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం, దాని కింద వచ్చిన 1989 నిబంధనల ప్రకారం అనుమతి లేని జన్యుమార్పిడి విత్తనం అమ్మితే అయిదేళ్ళ దాకా జైలు ఉండేది. 2023లో వచ్చిన జన విశ్వాస్ చట్టం ఆ జైలు శిక్షను తీసేసి, దాని స్థానంలో 10,000 నుంచి 15 లక్షల రూపాయల వరకు జరిమానా పెట్టింది. 15 లక్షలు కౌలు రైతుకు జీవితాంతం తీరని సొమ్ము. పెద్ద ఎత్తున దొంగ విత్తనం నడిపేవాడికి అది వ్యాపార ఖర్చు. ఇద్దరినీ ఒకే సెక్షన్ కింద పెట్టారు.

పుప్పొడి విషయంలో అన్ని పంటలనూ ఒకే గాటన కట్టడం కూడా సరికాదు. మా మామ లాంటి వాళ్ళ తరఫున మాట్లాడేవాళ్ళు ఇక్కడ జాగ్రత్తగా ఉండాలని కోరతాను, మాట కచ్చితంగా ఉంటేనే బలం. ఒకప్పుడు గుంటూరు, నెల్లూరు జిల్లాల మెట్టల్లో పండిన కోకనాడ పత్తి వంటి దేశవాళీ రకాలకు, ఇప్పుడు బీటీగా అమ్ముతున్న అమెరికా జాతి పత్తికి క్రోమోజోముల సంఖ్యే వేరు. వాటి మధ్య పుప్పొడి ద్వారా జన్యువు సహజంగా దాటడం దాదాపు జరగదు. దేశవాళీ పత్తికి ప్రమాదం జిన్నింగ్ మిల్లులో గింజలు కలిసిపోవడం వల్ల, దానికన్నా ఎక్కువగా ఆ విత్తనాన్ని పెంచేవాళ్ళే లేకుండా పోవడం వల్ల. దేశంలో పత్తి విస్తీర్ణంలో 90 శాతానికి పైగా బీటీ అయిపోయాక, కావాలన్నా నాన్ బీటీ విత్తనం దుకాణంలో దొరకడం గగనం. ఎంపిక పోవడం కూడా కలుషితమే అని నేనంటాను.

వంగ సంగతి పూర్తిగా వేరు. వంగ పుట్టిల్లు మన దేశమే. దాని అడవి బంధువులు చేల గట్ల మీద, బీళ్ళల్లో నేటికీ ఉన్నాయి. పురుగుల ద్వారా పరపరాగ సంపర్కం జరుగుతుంది. పైగా ఇందులో మరొక అన్యాయం దాగి ఉంది. పురుగుమందు కొట్టని చేను దగ్గరకే, గట్ల మీద పూలున్న చోటికే తేనెటీగలు ఎక్కువ వస్తాయి. ప్రకృతి వ్యవసాయం ఎంత బాగా చేస్తే పక్క చేను పుప్పొడి అంత ఎక్కువగా వచ్చే వీలుంది. బీటీ వంకాయకు 2009 అక్టోబరులో జన్యు ఇంజనీరింగ్ ఆమోద కమిటీ ఆమోదం తెలిపితే, అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ ఏడు నగరాల్లో బహిరంగ విచారణలు జరిపి 2010 ఫిబ్రవరి 9న నిలిపివేశారు. హైదరాబాద్‌లోనూ విచారణ జరిగింది. అక్కడి కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం (సీసీఎంబీ) వ్యవస్థాపకులు పుష్పమిత్ర భార్గవ, సుప్రీంకోర్టు తరఫున ఆ కమిటీలో కూర్చుని, జరిగిన పరీక్షలు చాలవని బహిరంగంగా చెప్పారు. ఆధునిక జీవశాస్త్రాన్ని ఈ దేశంలో నాటినవాళ్ళలో ఒకరైన శాస్త్రవేత్తే జాగ్రత్త అడిగితే, అదే మాట అడిగే రైతును వెనకబడ్డవాడని అనే హక్కు ఎవరికి ఉంది? అయినా 2019లో హర్యానాలోని ఫతేహాబాద్‌లో ఒక చేనులో బీటీ వంగ దొరికింది. నిషేధం ఉన్న పంట అది. ఎలా వచ్చిందో, ఇంకెన్ని చేలల్లో ఉందో చెప్పే యంత్రాంగం లేదు. మా అత్త దాచుకునే ముళ్ళ వంకాయ విత్తనంలోకి ఆ జన్యువు వస్తే ఆమెకు ఎలా తెలుస్తుంది? ఆకు నలిపి ముంచితే నిమిషాల్లో బీటీ ప్రోటీన్‌ను చూపించే పట్టీలు ఉన్నాయి. అవి మా అత్తకు అందే చోట లేవు.

ఇక వరి. నెల్లూరు పేరు చెబితే తెలుగునాట ఎవరికైనా బియ్యమే గుర్తొస్తుంది. ఈశాన్య రుతుపవనాల వానలకు ఒదిగిన దీర్ఘకాలిక రకం మొలగొలుకులు ఆ పేరు తెచ్చింది. దాని వారసత్వం మీదే కొత్త మొలగొలుకులు వచ్చింది. తర్వాత తిక్కన, సోమశిల పేర్లతో, ఇప్పుడు ఎన్ఎల్ఆర్ 34449 నెల్లూరు మసూరి పేరుతో పరిశోధన స్థానం రకాలు ఇస్తూనే ఉంది. ఇవన్నీ రైతు తిరిగి దాచుకుని, పొరుగువాడితో మార్చుకోగల విత్తనాలు. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం 39వ సెక్షన్ ఈ హక్కును రాతపూర్వకంగా ఇచ్చింది. దాచుకోవచ్చు, విత్తుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, బ్రాండ్ పేరు పెట్టకుండా అమ్ముకోవచ్చు. మా ఊళ్ళో నాలుగు తూములు ఇచ్చి నాలుగు తూములు పుచ్చుకోవడం ఇప్పటికీ ఉంది.

వరిలో పరపరాగ సంపర్కం ఒక శాతం కన్నా తక్కువే, అందుకే 3 మీటర్ల దూరం సరిపోతుందన్నారు. కానీ అమెరికాలో 2006లో జరిగింది చూడండి. కలుపు మందును తట్టుకునే ఎల్ఎల్ 601 అనే ప్రయోగాత్మక వరి, వాణిజ్య సాగుకు ఎన్నడూ విడుదల కానిది, ప్రయోగాలు ముగిసిన ఏళ్ళ తర్వాత మామూలు బియ్యంలో కనిపించింది. ఐరోపా, జపాన్ మార్కెట్లు ఒక్కసారిగా వెనక్కి తగ్గాయి, ధర పడిపోయింది. చివరికి 2011లో ఆ వరి యజమాని బేయర్ కంపెనీ సుమారు 11,000 మంది రైతులతో 75 కోట్ల డాలర్లకు రాజీపడింది. అక్కడ రైతులకు కోర్టు, లాయర్లు, నష్టపరిహార చట్టం ఉన్నాయి. 2021లో మన దేశం నుంచి ఐరోపాకు వెళ్ళిన నూకల సరుకులో జన్యుమార్పిడి వరి ఆనవాళ్ళు ఉన్నాయని ఫ్రాన్స్ హెచ్చరిక జారీచేసింది. మన దేశంలో అలాంటి వరి సాగే లేదని ప్రభుత్వం ఖండించింది. ఎవరి మాట నిజమైనా, పొలం నుంచి ఓడరేవు దాకా సరుకు జాడ పట్టే వ్యవస్థ మనకుంటే ఆ సంగతిని కాగితాలు చూపించి తేల్చేవాళ్ళం. కృష్ణపట్నం పక్కనే పెట్టుకున్న జిల్లా మనది. ఒకే ఒక్క హెచ్చరిక పుట్టి ధరను ఎక్కడికి దించుతుందో మిల్లుల దగ్గర వడ్లు పోసి ఎదురుచూసేవాళ్ళకు వివరించనక్కర్లేదు.

దీనికి తోడు జన్యు సవరణ వరి వచ్చింది. 2025 మే నెలలో కేంద్ర వ్యవసాయ మంత్రి రెండు రకాలను ప్రకటించారు. కమల అనేదాన్ని మన బాపట్లలో పుట్టిన సాంబ మసూరి నుంచి హైదరాబాద్‌లోని వరి పరిశోధన సంస్థ తయారుచేసింది. పూసా డీఎస్‌టీ రైస్ 1 అనేది మారుటేరు పరిశోధన స్థానం ఇచ్చిన ఎంటీయూ 1010 నుంచి వచ్చింది. కమల దిగుబడి 19 శాతం ఎక్కువని చెప్పారు. వీటిలో వేరే జీవి జన్యువు లేదు, ఉన్న జన్యువులోనే చిన్న మార్పు చేశారు. ఆ కారణంతోనే ఇలాంటి పంటలను 1989 నిబంధనల్లోని ముఖ్యమైన అనుమతుల నుంచి 2022 మార్చిలో కేంద్రం మినహాయించింది. బీటీతో పోలిస్తే ఇవి చాలా తక్కువ ప్రమాదకరమన్న శాస్త్రవేత్తల మాటను నేను కొట్టిపారేయను. చౌడు నేలలో నిలబడే ఎంటీయూ 1010 వస్తే మన తీర మండలాల రైతులకు మేలే.

కానీ మినహాయింపు వేరు, మరుగు వేరు. పరీక్ష తక్కువ చాలునని అంటే వినవచ్చు. సంచి మీద చెప్పనవసరం లేదంటే మాత్రం వినలేను. సవరించిన సాంబ మసూరి, మామూలు సాంబ మసూరి కంటికి ఒకలాగే ఉంటాయి. ఇచ్చిపుచ్చుకునే మా ఊరి పద్ధతిలో రెండు పంటల్లోనే కలిసిపోతాయి. దేశీయ సేంద్రియ ధ్రువీకరణ నిబంధనలు జన్యుమార్పిడిని ఒప్పుకోవు. రేపు ఒక కొనుగోలుదారు జన్యు సవరణ లేదని రాసివ్వమంటే సేంద్రియ రైతు ఏ ఆధారంతో రాస్తాడు? పైగా ఈ సవరణకు వాడే పద్ధతి మీద విదేశీ పేటెంట్లు ఉన్నాయి. 39వ సెక్షన్ ఇచ్చిన హక్కు ఈ విత్తనానికీ పూర్తిగా వర్తిస్తుందని, పేటెంట్ పేరుతో ఏ రైతు గడపా తొక్కరని ప్రభుత్వం స్పష్టంగా రాసివ్వాలి. నోటి మాట చాలదు.

బాధ్యత ఎవరిదో రాసుకున్న దేశాలు ఉన్నాయి. జర్మనీ చట్టంలో జన్యుమార్పిడి పంట ఏ సర్వే నంబరులో ఉందో బహిరంగ పట్టికలో నమోదు కావాలి. పక్క రైతు పంట కలుషితమై అమ్ముడుపోకపోతే జన్యుమార్పిడి పంట వేసినవాళ్ళు పరిహారం కట్టాలి. ఎవరి చేను నుంచి వచ్చిందో తేలకపోతే చుట్టుపక్కల వేసినవాళ్ళంతా కలిసి కట్టాలి. ఇది అన్యాయమని కోర్టుకు వెళితే 2010 నవంబరులో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం చట్టాన్ని సమర్థించింది. దాన్ని ఉన్నదున్నట్టు ఇక్కడికి తేవాలని నేను అనను, ఎందుకంటే అక్కడ జన్యుమార్పిడి పంట వేసేవాడు పెద్ద భూస్వామి, ఇక్కడ మా మామ పక్క చేను కౌలు రైతు. మన దగ్గర ఆ భారం విత్తనాన్ని తయారుచేసి అమ్మినవాడి మీద పడాలి. అనుమతి పొందిన ప్రతి ప్యాకెట్ మీద కొంత సొమ్ము ముందే నిధిలో జమ కావాలి. కలుషితం రుజువైన నెలల్లో ఆ నిధి నుంచి రైతుకు డబ్బు రావాలి. దొంగ విత్తనం విషయంలో బిల్లు లేకుండా కొన్న రైతు, అమ్మినవాడి పేరు చెబితే నిందితుడు కాకుండా సాక్షి కావాలి. ఆ ఒక్క మార్పు వస్తే మా మామ ఫిర్యాదు చేసేవాడు. ఆ కౌలు రైతే ఆయన్ను వెంటబెట్టుకుని వెళ్ళేవాడు.

జన్యుమార్పిడి జీవుల వల్ల కలిగే నష్టం, పరిహారాల మీద 2010లో కుదిరిన నగోయా-కౌలాలంపూర్ ఒప్పందాన్ని మన దేశం 2014లోనే ఆమోదించింది. అది 2018 మార్చి నుంచి అమల్లో ఉంది. 2024 జులై 23న జన్యుమార్పిడి ఆవాల కేసులో సుప్రీంకోర్టు న్యాయమూర్తులు ఇద్దరు అనుమతి విషయంలో విభేదించినా, జన్యుమార్పిడి పంటలపై జాతీయ విధానం రూపొందించాలని, రాష్ట్రాలనూ రైతు ప్రతినిధులనూ సంప్రదించాలని చెప్పడంలో ఒక్కటయ్యారు. పరిహారం మాట ఆ విధానంలో లేకపోతే అది అనుమతుల విధానమే అవుతుంది. క్షేత్ర ప్రయోగాలకు రాష్ట్రం అభ్యంతరం లేదని చెప్పాలన్న నిబంధన 2011 నుంచి ఉంది కాబట్టి, కేంద్రం తేల్చేదాకా మా చేతుల్లో ఏమీ లేదని అమరావతి అనడానికి వీల్లేదు.

జిల్లా స్థాయిలో ఏమీ లేదనుకునేవాళ్ళకు ఒక సంగతి. 1989 నిబంధనల్లోనే జిల్లా స్థాయి కమిటీ ఉంది. కలెక్టర్ దాని అధ్యక్షుడు. జిల్లా వైద్యాధికారి, వ్యవసాయ అధికారి, కాలుష్య నియంత్రణ మండలి ప్రతినిధి అందులో ఉండాలి. జన్యుమార్పిడి జీవుల వాడకం మీద నిఘా పెట్టడం, తనిఖీ చేయడం, ఉల్లంఘనలను పైకి తెలియజేయడం దాని పని. నెల్లూరు, ప్రకాశం, మార్కాపురం జిల్లాల్లో ఈ కమిటీ సభ్యులు ఎవరు, చివరిసారి ఎప్పుడు సమావేశమయ్యారు, పత్తి చేలల్లో ఎన్ని ఆకు నమూనాలు తీశారు, వాటి ఫలితాలు ఏమిటి అని అడగడానికి సమాచార హక్కు దరఖాస్తు చాలు. ఈ మూడు జిల్లాల నుంచి చదువుతున్నవాళ్ళు ఎవరి కలెక్టరేట్‌కు వాళ్ళు ఆ నాలుగు ప్రశ్నలు పంపండి. ప్రతి మండలంలో రైతు సేవా కేంద్రాల దగ్గర ఆకు పరీక్ష పట్టీలు ఉంచాలని, పత్తి వేసే ఊళ్ళల్లో ఏ సర్వే నంబరులో ఏ విత్తనం పడిందో ఈ-పంటలో రకం పేరుతో సహా నమోదు చేసి గ్రామ సచివాలయం గోడ మీద అంటించాలని అదే కాగితంతో పాటు వినతిపత్రం జతచేయండి. ఈ-పంట నమోదుకు సిబ్బంది ఎలాగూ చేనుకు వస్తున్నారు, రాయవలసింది మరొక గడి. నేను నెల్లూరుకు రాస్తున్నాను. మా మామ తరఫున మార్కాపురానికి పంపే కాగితం మీద సంతకం అత్త చేస్తానంది, విత్తనాలు ఆమెవి కాబట్టి.